ఓపిక లేదంటే ఏం వినిపిస్తుంది?

తెలుగులో ‘ఓపిక’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి సహనం. రెండోది ఒంట్లో శక్తి. ‘పిల్లలతో ఓపికగా ఉండాలి’ అన్నప్పుడు మొదటిది. ‘ఇవాళ లేచి నిలబడే ఓపిక లేదు’ అన్నప్పుడు రెండోది. నిఘంటువులో ఈ రెండూ పక్కపక్కనే సఖ్యంగా ఉంటాయి. ఇంట్లో మాత్రం అలా ఉండవు. ఆడమనిషి రెండో అర్థంలో అన్న మాట చాలాసార్లు మొదటి అర్థంలోనే వినిపిస్తుంది. ‘నాకు ఓపిక ఉండటం లేదు’ అని ఆమె తన ఒంటి సంగతి చెప్తే, ‘ఈమధ్య ఆవిడకి బొత్తిగా ఓపిక తగ్గింది’ అని ఇంటివాళ్ళు ఆమె స్వభావం గురించి చెప్పుకుంటారు. ఆరోగ్యం గురించిన మాట కాస్తా నడవడి గురించిన ఫిర్యాదు అయిపోతుంది.

థైరాయిడ్ లోపంతో బతుకుతున్న మనిషిని. చాలా ఏళ్ళు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఈ రెండు కారణాల వల్లా ఈ మాట నన్ను వదలడం లేదు. మన స్త్రీవాద సాహిత్యం అలసిన శరీరాన్ని ఎలా చదివింది, ఎక్కడ చదవకుండా వదిలేసింది అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

వర్జీనియా వుల్ఫ్ 1926లో ‘ఆన్ బీయింగ్ ఇల్’ అనే వ్యాసం రాసింది. సాహిత్యం ప్రేమకీ యుద్ధానికీ ఇచ్చిన చోటు జబ్బుకి ఎందుకివ్వలేదని ఆమె ప్రశ్న. అనారోగ్యాన్ని వర్ణించబోతే ఇంగ్లీషు భాష చాలడం లేదని కూడా ఆమె ఫిర్యాదు. తెలుగుకి ఆ కొరత ఉందనుకోను. అలసట, బడలిక, నీరసం, నిస్త్రాణ, నిస్సత్తువ - మనకి ఎన్ని మాటలు! నా చెవికి వీటిలో ఒక్కోదానికీ ఒక్కో ఛాయ ఉంది. అలసట పనివల్ల వస్తుంది, పడుకుంటే పోతుంది. బడలిక ప్రయాణం చేసొచ్చిన వాళ్ళది. నీరసం తిండి లేకపోయినా, జ్వరమొచ్చి తగ్గినా ఉంటుంది. నిస్సత్తువ అలాంటిది కాదు. రాత్రంతా నిద్రపోయి లేచాక, ఏ పనీ మొదలుపెట్టకముందే అది మంచం మీద మనతోపాటు ఉంటుంది. థైరాయిడ్ తక్కువైన శరీరం ఎరిగినది దీన్నే. ఇన్ని మాటలున్నా డాక్టరు దగ్గర మన నోట వచ్చేది ‘నీరసంగా ఉంటోందండి’ అన్న ఒక్క మాటే. వినేవాళ్ళకి తేడా పట్టనప్పుడు చెప్పేవాళ్ళు కూడా తేడాలు మానేస్తారు.

1980, 90ల్లో మన కవయిత్రులు, కథకులు శరీరం గురించి మాట్లాడటానికి ఎంత తెగించారో మనకి తెలుసు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ లాంటి కవితలు అప్పటిదాకా సాహిత్యం గుమ్మం బయట నిలబెట్టిన అనుభవాలని లోపలికి తెచ్చాయి. ఓల్గా ‘రాజకీయ కథలు’ స్త్రీ శరీరం మీద జరిగే రాజకీయాన్ని కథా వస్తువు చేశాయి. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ ఈ గొంతులన్నిటినీ ఒకచోట వినిపించింది. ప్రసవం, గర్భస్రావం, మగవాడి చూపు, వంటిల్లు - వీటన్నిటికీ భాష దొరికింది. అయితే ఇవన్నీ ఒక సంఘటన ఉన్న అనుభవాలు. నొప్పి మొదలవుతుంది, ఉధృతమవుతుంది, ముగుస్తుంది. నిస్సత్తువకి సంఘటన లేదు. పదేళ్ళు ఒక్కలాగే ఉంటుంది. ఏ రోజు మొదలైందో చెప్పలేం. కవితకి కావలసిన ఎత్తుపల్లాలు, కథకి కావలసిన మలుపు దానికి ఉండవు. అందుకే అది మన సాహిత్యంలోకి వచ్చినప్పుడల్లా మరొకదానికి ప్రతీకగా వచ్చింది.

రాజమండ్రిలో 1933లో పుట్టిన అబ్బూరి ఛాయాదేవి గారి ‘సుఖాంతం’ కథ తీసుకుందాం. కంటినిండా నిద్ర తప్ప మరేమీ కోరని స్త్రీ కథ అది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఎవరో ఒకరి అవసరం ఆమె నిద్రని మధ్యలో తుంచేస్తూనే ఉంటుంది. గొంతు పెంచకుండా, ఎవరినీ దుర్మార్గులుగా చిత్రించకుండా, కథ పేరులోనే కఠినమైన వ్యంగ్యం పెట్టి రాశారావిడ. స్త్రీకి విశ్రాంతి అనేది హక్కుగా ఎప్పుడూ లేదన్న సంగతి ఆ కథ చెప్పినంత సూటిగా పెద్ద పెద్ద వ్యాసాలు చెప్పలేదు. ఇప్పటికీ దాని అవసరం తీరలేదు. 2019లో ప్రభుత్వం చేయించిన కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు దానికి ఖర్చు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024 సర్వే నాటికి ఆ లెక్క 289, 88. ఇద్దరికీ తగ్గింది, తేడా మాత్రం దాదాపు అక్కడే ఉంది.

కానీ ‘సుఖాంతం’ని నేను థైరాయిడ్ వచ్చాక మళ్ళీ చదివాను. ఆ కథలో ఒక నమ్మకం ఉంది: నిద్రపోనిస్తే ఈ మనిషి బాగుపడుతుంది. ఆ కథానాయిక విషయంలో అది నిజమే కావచ్చు. నా విషయంలో కాదు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాను, పిల్లలు వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళారు, పొద్దున కాఫీ మా ఆయనే పెడతారు. తొమ్మిది గంటలు పడుకుని లేచినా నిస్సత్తువ అలాగే ఉంది. అన్యాయం కొంత తగ్గినా అలసట తగ్గని శరీరాన్ని ఏ కథలో వెతుక్కోవాలి?

పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన కథ. ఇల్లు అలకడంలో మునిగిపోయిన ఇల్లాలు తన పేరు మర్చిపోతుంది, దాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. పేరు అస్తిత్వానికి ప్రతీక అని పిల్లలకి చెప్పేదాన్ని. ఆ వ్యాఖ్యానం సరైనదే, ఇవాళ చెప్పినా అదే చెప్తాను. దానికి ఒక వాక్యం మాత్రం కలుపుతాను. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు మతిమరుపు వస్తుంది. ఆలోచన మందగిస్తుంది. నోటికొచ్చిన మాట మధ్యలో జారిపోతుంది. ఒకరోజు క్లాసులో బాగా తెలిసిన రచయిత్రి పేరు నాకు గుర్తు రాలేదు. బోర్డు ముందు నిలబడి ఉండగా ఆ ఇల్లాలు గుర్తొచ్చింది. ఆమె పేరు మర్చిపోవడం పితృస్వామ్యం చేసిన పని. నేను మర్చిపోవడం మెడలోని చిన్న గ్రంథి చేసిన పని. మరి బయటినుంచి చూసేవాళ్ళకి ఈ రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది? డాక్టరుకి సమాజం కనిపించదు, విమర్శకురాలికి గ్రంథి కనిపించదు. మధ్యలో ఉన్న స్త్రీకి రెండూ ఉన్నాయి.

ఈ జబ్బు ఎంతమందికి ఉందో కొంత తెలుసు. మన దేశంలో ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్ళని పరీక్షించిన అధ్యయనం 2013లో వెలువడింది. ఆ నగరాల్లో హైదరాబాద్ ఒకటి. మొత్తం మీద దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉంది. స్త్రీలలో దాదాపు 16 శాతం, పురుషులలో 5 శాతం. వందకి ముగ్గురికి పైగా తమకి ఆ లోపం ఉన్నట్టు పరీక్ష చేసేదాకా తెలియదు. గమనించవలసింది ఏమిటంటే, ఇవన్నీ నగరాలే. ఊళ్ళో ఉన్న స్త్రీ ఈ లెక్కలో లేదు.

నా పుట్టిల్లు ఆత్రేయపురం. తూర్పు గోదావరిలో ఉండేది, 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కోనసీమ జిల్లాలోకి వచ్చింది. పూతరేకుల ఊరని అందరికీ తెలుసు. 2023లో ఆ రేకుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రేకు తీసే పని ఆడవాళ్ళది. బోర్లించిన కుండ కింద మంట, ఎదురుగా పల్చటి బియ్యప్పిండి నీళ్ళు, చేతిలో గుడ్డ. గుడ్డని ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే పొరలాంటి రేకు వస్తుంది. కుండ వేడి తగ్గితే రేకు రాదు, కాబట్టి మంట దగ్గరనుంచి లేవడానికి లేదు. పొగ, సెగ, ఒకే భంగిమలో నడుము. నేను వెళ్ళినప్పుడల్లా ఆ ఇళ్ళల్లో కూర్చుంటాను. ఒకసారి నా మందు సంగతి చెప్పి, ‘మీకు ఓపిక ఎలా ఉంటోంది వదినా?’ అని ఒకావిడని అడిగాను. ‘ఓపికేటండీ, కుండ కాలాక మనకి ఓపికున్నా లేకపోయినా రేకు తియ్యాల్సిందే కదండీ’ అంది. పక్కనున్న ఆవిడ, ‘కీళ్ళు లాగేస్తే సూది వేయించుకుంటామండి, నాలుగు రోజులు గుర్రంలా చేస్తాం’ అంది.

ఆ సూది దగ్గర నేను ఆగిపోయాను. ఊళ్ళల్లో ఒళ్ళునొప్పులకి ఇచ్చే సూదుల్లో, పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉండటం కొత్త సంగతి కాదు. ఆ రోజు ఆవిడకి ఇచ్చిందేమిటో నాకు తెలియదు. కానీ స్టెరాయిడ్ ఎలా పనిచేస్తుందో తెలుసు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. జ్వరం, దెబ్బ, ఆపరేషన్ లాంటి కష్టాన్ని శరీరం తట్టుకునేది దానితోనే. బయటినుంచి స్టెరాయిడ్ చాలాకాలం అందితే ఆ గ్రంథులు తమ పని మానుకుంటాయి. ఉన్నట్టుండి మందు ఆపేస్తే శరీరానికి ఆధారం ఉండదు. విపరీతమైన నిస్సత్తువ, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. నాలుగు రోజుల ఓపికని అప్పు తెచ్చుకున్న స్త్రీ ఆ అప్పు తన ఒంటితోనే తీరుస్తుంది. దీని వెనకున్నది కూలి రోజు పోగొట్టుకోలేని బతుకు.

ఇక్కడే స్త్రీవాద సాహిత్యానికి దళిత స్త్రీలు వేసిన ప్రశ్న గుర్తు చేసుకోవాలి. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చాక, స్త్రీ శ్రమ అంటే వంటిల్లొక్కటే అనుకోవడం మనకి సాధ్యం కాలేదు. చేలో, గట్టు మీద, ఇతరుల ఇళ్ళల్లో పనిచేసే శరీరం వేరు. ఆ శరీరపు అలసటకి రక్తహీనత ఉంటుంది, తిండి చాలకపోవడం ఉంటుంది, పొగ ఉంటుంది, వాటి కింద థైరాయిడ్ కూడా ఉండొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా స్త్రీలు అలసిపోయి ఉన్న చోట, అలసటని ఎవరు లక్షణంగా చూస్తారు? అది ఆడతనంలో భాగంగానే చలామణీ అవుతుంది.

మా మేనత్త ఒకావిడ ఉండేది. మూడో కాన్పు ఇంట్లోనే అయింది. రక్తం చాలా పోయింది, బతకడమే గొప్ప అనుకున్నారు. బిడ్డకి పాలు పడలేదు. ముట్టు మళ్ళీ రాలేదు. తర్వాత ఇరవై ఏళ్ళు ఆవిడ ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకుని వసారాలో కూర్చునేది. గొంతు బొంగురు, మొహం పాలిపోయి ఉండేది. ‘అదెప్పుడూ ఓపిక లేని మనిషే’ అనేవారు ఇంట్లో. బిడ్డకి పాలివ్వని తల్లి అన్న మాట కూడా పడింది. ఇప్పుడు నాకు షీహాన్ సిండ్రోమ్ అనే మాట తెలుసు. 1937లో హెరాల్డ్ షీహాన్ అనే వైద్యుడు వివరించాడు. కాన్పులో రక్తం ఎక్కువగా పోతే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథికి రక్తం అందక దెబ్బతింటుంది. థైరాయిడ్‌నీ, అడ్రినల్ గ్రంథుల్నీ పని చేయమని చెప్పేది అదే. అది మూగబోతే ఇవి రెండూ నెమ్మదిస్తాయి. పాలు పడకపోవడం, ముట్టు ఆగిపోవడం దీనికి తొలి గుర్తులు. కాశ్మీర్ లోయలో జరిగిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. పిల్లల్ని కన్న ఇరవయ్యేళ్ళు దాటిన స్త్రీలలో సుమారు మూడు శాతం మందికి ఈ జబ్బు ఉందనీ, వాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో పురుడు పోసుకున్నవాళ్ళేననీ అది చెప్పింది. దీనికి మందుంది. అయితే అందులోనూ ఒక క్రమం ఉంది. కార్టిసాల్ లోటు పూడ్చకుండా ముందుగా థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రమాదం. అంటే ‘నీరసం’ అన్న మాట విని ఒక్క మాత్ర రాసేస్తే చాలదు, ఆమె కాన్పుల కథంతా వినాలి.

నేను వైద్యురాలిని కాదు. పోయిన మనిషికి జబ్బు పేరు పెట్టే అధికారం నాకు లేదు. విమర్శకురాలిగా ఒక్క మాట చెప్పగలను. మా మేనత్త కథలో ప్రతి లక్షణానికీ ఇంటివాళ్ళు ఒక నీతి అర్థం ఇచ్చారు. పాలు పడకపోతే మమకారం లేదన్నారు, చలి వేస్తే గారం అన్నారు, లేవలేకపోతే బద్ధకం అన్నారు. స్త్రీ శరీరాన్ని ఎప్పుడూ స్వభావంగా చదివే అలవాటు అది. మన కథలు ఆ అలవాటుతో పోట్లాడాయి, కానీ వాటిలోనూ శరీరాన్ని ప్రతీకగా చదివే అలవాటు మిగిలిపోయింది. రెండు చోట్లా శరీరం శరీరంగా ఉండటానికి వీల్లేకపోయింది.

ఈ ఖాళీలోకి వ్యాపారం వస్తుంది. ‘అడ్రినల్ ఫటీగ్’ అనే మాట 1998లో అమెరికాలో ఒక ప్రత్యామ్నాయ వైద్యుడు పుట్టించాడు. ఒత్తిడివల్ల అడ్రినల్ గ్రంథులు అలసిపోతాయని దాని సారాంశం. 1855లో థామస్ అడిసన్ వర్ణించిన అసలైన అడ్రినల్ జబ్బు వేరు. దానికి పరీక్షలున్నాయి, చికిత్స ఉంది. ఈ కొత్త పేరుకి ఆధారం లేదని హార్మోన్ల వైద్యులు చెప్తున్నారు. 2016లో అధ్యయనాలన్నిటినీ గుదిగుచ్చి చూసిన ఒక సమీక్ష కూడా అదే తేల్చింది. అయినా ఆ పేరుతో డబ్బాల కొద్దీ పొడులు, మాత్రలు అమ్ముడవుతాయి. చదువుకున్న నా స్నేహితురాళ్ళే కొంటారు. వాళ్ళని నేను తెలివితక్కువవాళ్ళు అనను. రిపోర్టు చూసి ‘అన్నీ నార్మల్‌గానే ఉన్నాయమ్మా, టెన్షన్ తగ్గించుకోండి’ అని రెండు నిమిషాల్లో పంపించేసే చోటికీ, ‘అవును, మీరు అలసిపోయారు’ అని ముందుగా ఒప్పుకునే చోటికీ మధ్య మనిషి ఎటు వెళ్తుంది? అమ్మేది అబద్ధమైనా, కొనుక్కునేది నమ్మకాన్ని. మాత్రతో పరీక్ష అంకెలు సరిపడ్డాక కూడా కొంతమందికి నిస్సత్తువ మిగులుతుందన్నది వైద్యులే ఒప్పుకునే సంగతి. దాన్ని ఒప్పుకుని, వెతకవలసిన మిగతా కారణాలు వెతకడం నిజాయితీ గల వైద్యం. దానికి కావలసింది కూడా ఓపికే, ఈసారి డాక్టరు వైపునుంచి.

1991లో హైదరాబాద్‌లో స్త్రీలు కలిసి తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ నాకు ఈ విషయంలో ఇప్పటికీ ఆదర్శం. స్త్రీల ఆరోగ్యం గురించిన పుస్తకానికి ‘సందేహాలు’ అని పేరు పెట్టడంలోనే ఒక రాజకీయం ఉంది. అడిగే మనిషికి మొదటి స్థానం ఇచ్చిన పేరు అది. మన సాహిత్య విమర్శ ఆ పుస్తకాన్ని ఆరోగ్యం అలమరలో పెట్టేసింది. దాన్ని స్త్రీవాద గద్యంగా చదవాలని నా కోరిక.

నా రోజు ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే నా చదువూ రాతా దానిమీదే ఆధారపడ్డాయి. పొద్దున్నే పరగడుపున మాత్ర. తర్వాత అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం, లేకపోతే అసలు మందు ఒంటికి పట్టదు. మోతాదు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ రక్తపరీక్ష. పది నుంచి పన్నెండు దాకా నా బుర్ర నా మాట వింటుంది. రాసేది అప్పుడే. మధ్యాహ్నం రాసిన వాక్యాలు మర్నాడు కొట్టేస్తాను. ఈ వ్యాసం పదిహేడు ఉదయాలు పట్టింది. స్త్రీలు పెద్ద నవలలు తక్కువగా, కథలూ కాలమ్‌లూ ఎక్కువగా ఎందుకు రాశారంటే తీరిక లేక అని చెప్పుకుంటాం. తీరికతో పాటు ఓపికని కూడా ఆ కారణంలో చేర్చమని మన సాహిత్య చరిత్రకారుల్ని అడుగుతున్నాను. ఇల్లు వంతులు పంచుకుంటే తీరిక వస్తుంది. ఓపిక రావడానికి వంతులు పంచుకోవడంతో పాటు రక్తపరీక్ష కూడా కావాలి. మాత్ర 289 నిమిషాల ఇంటిపనిని తగ్గించదు, సమానత్వం హార్మోన్‌ని పెంచదు. రెండిటి కోసమూ అడగాల్సిందే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో రాసేవాళ్ళు ఎక్కువ, పాఠాలు చెప్పేవాళ్ళు ఎక్కువ. మనలో ఎంతమందిమి దిండు పక్కన ఆ తెల్లటి చిన్న మాత్రల సీసా పెట్టుకుని పడుకుంటున్నామో మనకే తెలుసు. అయినా సభల్లో కలిసినప్పుడు ‘కాస్త నలతగా ఉంది’ అనేసి ఊరుకుంటాం. మలుపు లేని, ముగింపు లేని, ప్రతీకగా మారనని మొండికేసే ఆ నిస్సత్తువ గురించి రాయండి. విసుగు పుట్టించే వస్తువైతే విసుగ్గానే రాయండి. మీ తల్లుల కాన్పుల కథలు, అత్తల బద్ధకం కథలు, సూది వేయించుకుని పనిలోకి వెళ్ళిన వాళ్ళ కథలు అడిగి తెలుసుకుని రాయండి. ఇంకోసారి మీ ఇంట్లోనో, రేకుల పొయ్యి దగ్గరో, క్లాసులోనో ఎవరైనా ‘ఓపిక లేదు’ అంటే, ఏ ఓపిక అని అడగండి.